దెబ్బకి ప్రాక్టీసని పేరు పెట్టిందెవరు?

“మిమ్మల్ని ఎవరైనా కొడతారా?” అని అడిగాను.

“అబ్బే, లేదు మేడమ్,” అన్నారు అందరూ ఒక్కసారే. పద్నాలుగు మంది ఆడపిల్లలు. పన్నెండేళ్ల నుండి పంతొమ్మిదేళ్ల లోపువాళ్లు. పొద్దుటి ప్రాక్టీసు ముగించుకుని, నానబెట్టిన శనగలు తింటూ గ్యాలరీ మెట్ల మీద కూర్చున్నారు. అందులో ఒక పిల్ల పిక్క మీద రెండు సన్నటి వాతలు తేలి కనిపిస్తున్నాయి. “మరి ఇదేమిటమ్మా?” అంటే ఆ పిల్ల సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకుంది. పక్కనున్న పిల్ల జవాబు చెప్పింది: “అది కొట్టడమేటి మేడమ్? ప్రాక్టీసు కదా! అడుగు లేటయితే సార్ స్కిప్పింగ్ తాడుతో ఒకటేస్తారు. దాంతో కాలు ఫాస్టయిపోద్ది.”

నా చేతిలో మన సంఘం తయారుచేసుకున్న ప్రశ్నల కాగితం ఉంది. శారీరక హింస, మానసిక హింస, లైంగిక హింస అని మూడు భాగాలు. పద్నాలుగు కాగితాల్లోనూ, మూడు భాగాల్లోనూ “లేదు” అనే రాసి ఉంది. వాటిని అలాగే కట్టగట్టి పైకి పంపిస్తే విశాఖపట్నం మైదానాల్లో హింస సున్నా అని తేలిపోతుంది. ఆ సున్నాని పట్టుకుని ఒక నివేదిక, ఆ నివేదిక మీద ఒక సదస్సు. ఇలాంటి సున్నాలు మనం ఎన్ని పంపామో అని ఆ రోజు భయం వేసింది.

కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. “ఆలస్యంగా వస్తే ఏమవుతుంది? ఓడిపోతే ఏమవుతుంది? బరువు పెరిగితే? నెలసరి వచ్చిన రోజున?” అని అడగడం మొదలుపెట్టాను. అప్పుడు రెండు గంటలు చాలలేదు.

ఆ మైదానం పేరు, ఆ ఆట పేరు రాయడం లేదు. పోర్టు, స్టీల్‌ప్లాంటు, నేవీ, రైల్వే ఇన్ని ఉన్నా విశాఖలో ఆటల లోకం చాలా చిన్నది. ఫలానా ఆట అంటే ఫలానా కోచ్, ఫలానా కోచ్ అంటే ఫలానా పిల్లలు అని ఇట్టే తెలిసిపోతుంది. ఈ వ్యాసం వల్ల ఆ పిల్లల్లో ఒక్కరి పేరు కూడా సెలక్షన్ జాబితాలోంచి పోకూడదు. అందులో ఒక మాట విన్నాక మాత్రం నేను కలం మూసేశాను. దాని విషయంలో మేమేం చేశామో ఇక్కడ రాయను.

ఆ పిల్లలు నాకు ఒక కొత్త నిఘంటువు నేర్పారు. తాడుతో కొడితే ప్రాక్టీసు. ఎండలో మైదానం చుట్టూ ముప్ఫై రౌండ్లు కొట్టించి, కళ్లు తిరిగి పడిపోతే నీళ్లు చల్లి మళ్లీ లేపితే స్టామినా. అందరి ముందూ “గేదెలా ఉన్నావ్, నువ్వు ఆటకెందుకు, పెళ్లి చేసుకో” అంటే మోటివేషన్. రాత్రి తిండి మానేసి, చెమట పట్టడానికి రెండు ట్రాక్‌సూట్లు వేసుకుని పరిగెత్తి, నీళ్లు కూడా తాగకుండా తూకానికి నిలబడితే డెడికేషన్. టోర్నమెంటుకి వెళ్లినప్పుడు సార్ బట్టలు ఉతికితే, కాళ్లు పడితే గురుభక్తి. భుజం మీద, నడుము మీద చెయ్యి వేసి అవసరానికి మించి అక్కడే ఉంచితే కరెక్షన్. రాత్రి పదకొండు గంటలకి “పడుకున్నావా?” అని ఫోన్లో మెసేజీ వస్తే కేరింగ్.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఒక పదిహేనేళ్ల పిల్ల మాట. “సార్ తిడుతున్నారంటే మనమీద ఆశున్నట్టు మేడమ్. తిట్టడం మానేసారంటే ఒగ్గేసినట్టు. నన్ను రెండు నెల్ల నుంచి తిట్టడం లేదు.” ఆ చివరి మాట అంటుంటే పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్లు పడనందుకు ఏడ్చే స్థితికి ఒక పసిపిల్లని తీసుకొచ్చిన చదువేదో, దాన్ని ఏ పేరుతో పిలవాలో మన ప్రశ్నల కాగితంలో లేదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. బళ్లో నేను కబడ్డీ ఆడాను. కూతకి వెళ్లి ఖాళీగా తిరిగొస్తే మా డ్రిల్ మాస్టారు జడ పట్టుకుని ఈడ్చి గీత దగ్గర నిలబెట్టేవాడు. నేను జిల్లా జట్టులోకి వెళ్లాను. ఆ తరవాత ఇరవై ఏళ్లు ఈ కథని ఎన్నిసార్లు చెప్పానో! నవ్వుతూ, గర్వంగా, “ఆయన అలా ఈడ్వబట్టే నేనంతదాన్నయ్యాను” అని చెప్పాను. గృహహింస మీద శిక్షణా తరగతులు నడిపిన రోజుల్లో కూడా, మధ్యాహ్నం భోజనాల దగ్గర అదే కథ చెప్పాను. “నా మంచికే కొట్టాడు” అని భర్త గురించి ఏ ఆడమనిషైనా అంటే, ఆ మాట వెనక ఉన్న భావజాలాన్ని పొరలు పొరలుగా విప్పి చూపించేదాన్ని. నా జడ దగ్గరికి వచ్చేసరికి ఆ విద్య నాకు పనికి రాలేదు. అలాంటప్పుడు పదిహేనేళ్ల పిల్లకి తెలియలేదని ఎలా అంటాను?

ఇది మన పిల్లల అమాయకత్వమనో, మన వెనకబాటుతనమనో అనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో 2011లో బయటికొచ్చిన ఒక అధ్యయనంలో, చిన్నతనంలో జట్లలో ఆడిన సుమారు 6,000 మంది యువతీయువకుల్ని అడిగారు. మనసుని గాయపరిచే ప్రవర్తనని ఎదుర్కొన్నామని 75 శాతం మంది, శారీరకంగా హాని జరిగిందని 24 శాతం మంది, లైంగిక వేధింపుని ఎదుర్కొన్నామని 29 శాతం మంది చెప్పారు. అదే సమయంలో, మొత్తం మీద ఆటలు మాకు మేలే చేశాయని కూడా ఎక్కువమంది అన్నారు. ఈ రెండో మాటని మొదటి మాటకి అడ్డం వేయకండి. రెండూ నిజమే. జపాన్‌లో ఆటల శిక్షణలో కొట్టడానికి ‘తైబత్సు’ అని ఒక ప్రత్యేకమైన పేరే ఉంది. ఒలింపిక్స్ జరగాల్సిన 2020లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 800 మందికి పైగా ఆటగాళ్ల అనుభవాలతో దాని మీద నివేదిక వేసింది. దక్షిణ కొరియాలో అదే ఏడాది జూన్‌లో చోయ్ సుక్‌హ్యోన్ అనే 22 ఏళ్ల ట్రయాథ్లాన్ క్రీడాకారిణి, తనని కొట్టి హింసించిన వాళ్ల పాపాలు బయటపెట్టమని తల్లికి కబురు పంపి ప్రాణం తీసుకుంది. అంతకుముందే ఆమె చాలాచోట్ల ఫిర్యాదులు చేసింది. అమెరికాలో జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టరు లారీ నాసర్‌కి 2018 జనవరిలో శిక్ష పడినప్పుడు 156 మంది ఆడవాళ్ల వాంగ్మూలాలు కోర్టులో వినిపించాయి. వాళ్లలో ఎంతోమంది, చిన్నతనంలో అది వైద్యమే అనుకున్నారు. అక్కడ వైద్యమని పేరు, ఇక్కడ కరెక్షనని పేరు, అంతే తేడా.

మరి ఈ పేర్లు పెట్టిందెవరు? పిల్లలు కాదు. పిల్లలకి దెబ్బ తగిలితే నొప్పే తెలుస్తుంది. దానికి పేరు పెద్దవాళ్లే పెడతారు. “కళ్లు రెండూ వదిలేసి మీ ఇష్టం వచ్చినచోట కొట్టండి మాస్టారూ” అని పిల్లని అప్పజెప్పిన తల్లిదండ్రులం మనమే. దండం దశగుణం భవేత్ అని బళ్లో చెప్పించిందీ మనమే. ఏ పిల్లకి పతకం వచ్చినా మర్నాడు పత్రికల్లో కోచ్‌ని ‘చండశాసనుడు’ అని పొగుడుతూ రాస్తారు. తండ్రి నిర్దయని దేశభక్తిగా చూపించిన సినిమాలకి చప్పట్లు కొట్టి వచ్చాం. మగపిల్లల మైదానానికి వెళ్లి వినండి. ఓడిన కుర్రాణ్ణి “గాజులు తొడుక్కో”, “ఆడదానిలా ఏడుస్తావేంట్రా” అని తిడుతుంటారు. దెబ్బలు వాడికీ పడుతున్నాయి, కానీ తిట్టు మాత్రం మనకి తగిలేలా ఉంది! ఏడవడమే ఆడతనమని నేర్చుకున్న ఆ కుర్రాడు రేపు కోచ్ అవుతాడు. కొట్టే కోచ్‌లలో ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు, నాకు తెలుసు. వాళ్లూ ఈ నిఘంటువులోనే చదువుకున్నారు.

అయితే ఇదంతా భావజాలం ఒక్కటే అయితే నాలుగు సదస్సులతో పోయేది. దీని కింద ఒక గట్టి నేల ఉంది. సంతకం. జిల్లా జట్టులో పేరుండాలంటే సంతకం. టోర్నమెంటు సర్టిఫికెట్టుకి సంతకం. కాలేజీ సీటుకి స్పోర్ట్స్ కోటా ఫారం మీద సంతకం. హాస్టల్లో మంచానికి, గుడ్డుకి, పాలకి సంతకం. ఒక తరం కింద ఈ ఊళ్లో ఆటంటే ఉద్యోగం. రైల్వే, పోర్టు, ఉక్కు కర్మాగారం క్రీడాకారుల్ని చేర్చుకునేవి. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో ప్రాణాలిచ్చి తెచ్చుకున్న కర్మాగారాన్ని అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. దానికీ పిల్లల పిక్కల మీద వాతలకీ సంబంధమేమిటని అడగొచ్చు. ఉంది. పది ఉద్యోగాలున్న చోట రెండే మిగిలితే, ఆ రెండింటి దారిలో కూర్చున్న మనిషి సంతకం విలువ అయిదింతలు పెరుగుతుంది. మల్కాపురం నుండో, కంచరపాలెం నుండో, నిర్వాసిత కాలనీల నుండో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చే పిల్లకి ఆ సంతకం తప్ప వేరే ఆస్తి లేదు. ఆ సంతకం పెట్టే చేతినే ఆ పిల్ల ‘హింస చేసే చెయ్యి’ అని పిలవాలి. అలా పిలవకపోవడం తెలివితక్కువతనం కాదు, లెక్క.

ఈ ఊరి పిల్లే జ్యోతి యర్రాజి. పోర్టు హైస్కూల్లో చదివింది. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలోనూ ఆసుపత్రిలోనూ పని చేసింది. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో పక్క లైనులో చైనా అమ్మాయి తుపాకీ పేలకముందే కదిలింది. అధికారులు జ్యోతినీ తప్పించబోయారు. ఆమె ఒప్పుకోలేదు. అంతమంది ముందు, పరాయి దేశంలో, ట్రాక్ మీదే నిలబడి వాదించింది, మళ్లీ చూడమంది. పరిగెత్తనిచ్చారు. చివరికి చైనా అమ్మాయిని అనర్హురాలిగా తేల్చి జ్యోతికి రజతం ఇచ్చారు. మన పత్రికలన్నీ ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నాయి. మంచిదే. కానీ ఆలోచించండి, అదే పదిహేనేళ్ల వయసులో, ఇక్కడి ఏ మైదానంలోనైనా, ఏ ఆడపిల్లయినా ఒక అధికారితో అలా వాదిస్తే ఏమంటాం? పొగరంటాం. డిసిప్లిన్ లేదంటాం. నోరెత్తడాన్ని ఆసియా క్రీడల్లో పొగిడి, ఊళ్లో అణచివేస్తామా?

నోరెత్తిన వాళ్లకేమయిందో పిల్లలకి తెలుసు. మనకంటే బాగా తెలుసు. రుచికా గిర్హోత్రా గురించి చెబితే ఆ పద్నాలుగు మందిలో ఇద్దరు అప్పటికే విన్నారు. 1990 ఆగస్టులో హర్యానాలో, పద్నాలుగేళ్ల ఆ టెన్నిస్ పిల్ల మీద చెయ్యి వేసింది ఆ రాష్ట్ర టెన్నిస్ సంఘం అధ్యక్షుడు, పైగా పోలీసు ఐ.జి., ఎస్.పి.ఎస్. రాథోడ్. ఫిర్యాదు చేసింది కుటుంబం. ఆమె చదివే బడి ఆమెని తీసేసింది. ఆమె సోదరుడి మీద దొంగతనం కేసులు పెట్టారు. 1993 డిసెంబరులో ఆమె విషం తాగి చనిపోయింది. పంతొమ్మిదేళ్లు గడిచాక, 2009 డిసెంబరులో అతనికి పడిన శిక్ష ఆరు నెలలు. 2010లో దాన్ని ఏడాదిన్నర చేశారు. 2016లో సుప్రీంకోర్టు నేరం నిజమేనంటూనే, జైల్లో గడిపిన కాలం చాల్లెమ్మని వదిలేసింది. ఆ పిల్ల ప్రాణం ఏ త్రాసులో తూచారు?

దూరమెందుకు, మన ఆంధ్రలోనే 2009లో రాష్ట్ర క్రికెట్ సంఘం కార్యదర్శి మీద మహిళా క్రికెటర్లు లైంగిక వేధింపుల ఆరోపణ చేశారు. సంఘం ఆయన్ని ఆ పదవి నుండి తొలగించింది. ఆ రోజుల్లో నా చెవిన పడిన మాటల్లో ఎక్కువ భాగం ఆయన ఏం చేశాడన్నది కాదు, “ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారట?” అన్నదే. 2015 మే నెలలో కేరళలో అలప్పుళ జలక్రీడల శిక్షణ కేంద్రంలో నలుగురు ఆడపిల్లలు విషపుకాయ తిన్నారు, ఒక పిల్ల చనిపోయింది. హాస్టల్లో వేధింపులే కారణమని కుటుంబాలు అన్నాయి. 2023 ఆగస్టులో హైదరాబాదు పక్కన హకీంపేట క్రీడా పాఠశాలలో లైంగిక వేధింపుల ఆరోపణలు పత్రికలకెక్కితే ప్రభుత్వం అక్కడి అధికారిని తప్పించింది. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాలో పదేళ్లలో 45 లైంగిక వేధింపుల ఫిర్యాదులు వచ్చాయనీ, అందులో 29 కోచ్‌ల మీదేననీ 2020 జనవరిలో ఒక ఆంగ్ల పత్రిక బయటపెట్టింది. దేశం మొత్తం మీద పదేళ్లకి 45! మా పద్నాలుగు కాగితాల్లోని “లేదు”లు గుర్తున్నాయి కదా. ఈ 45ని కూడా అలాగే చదవాలి.

ఇక మల్లయోధురాళ్ల సంగతి. 2023 జనవరి 18న వినేశ్ ఫొగాట్, సాక్షీ మలిక్ లాంటి వాళ్లు జంతర్ మంతర్‌లో కూర్చున్నారు. వాళ్లు ప్రపంచ పతకాలు తెచ్చినవాళ్లు, ఒలింపిక్ పతకం తెచ్చినవాళ్లు. కుస్తీ సమాఖ్య అధ్యక్షుడు, పార్లమెంటు సభ్యుడు బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్ మీద ఆరోపణలు. ఎఫ్.ఐ.ఆర్. కావాలంటే సుప్రీంకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. అది ఏప్రిల్ 28కి నమోదైంది. మే 28న కొత్త పార్లమెంటు భవనం ప్రారంభిస్తున్న రోజునే వాళ్లని రోడ్డు మీద ఈడ్చి వ్యానుల్లో పడేశారు. వాళ్లు రోడ్డెక్కడం క్రమశిక్షణారాహిత్యమని, దేశం పరువు తీస్తోందని అన్నది ఎవరు? ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు పి.టి. ఉష. మన తరం ఆడపిల్లలందరికీ పరుగు నేర్పిన ఉష! ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ఒక మైనర్ పేరు మీద ఉన్న పోక్సో కేసుని 2025 మే నెలలో ఢిల్లీ కోర్టు మూసేసింది. మిగతా స్త్రీల ఫిర్యాదుల మీద అభియోగాలు మోపమని 2024 మే నెలలోనే కోర్టు ఆదేశించింది. ఆయన అన్నీ అబద్ధాలంటున్నాడు. తీర్పు సంగతి కోర్టు చూసుకుంటుంది. నేను చెప్పేది, ఒలింపిక్ పతకం మెళ్లో ఉన్న ఆడదాన్నే రోడ్డు మీద ఈడ్చడం టీవీలో చూసిన పదిహేనేళ్ల పిల్ల ఏం నేర్చుకుంటుందన్నది. డిసెంబరు 21న సాక్షి తన బూట్లు విలేఖరుల ముందు బల్ల మీద పెట్టి ఆట వదిలేసి వెళ్లిపోయింది. “చూసాం మేడమ్” అంది ఒక పిల్ల. ఇంకేం మాట్లాడలేదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. పనిచోట లైంగిక వేధింపుల మీద తొలి మార్గదర్శకాలు ఇచ్చిన 1997 తీర్పు పేరే విశాఖ! అది మన ఊరు కాదు, రాజస్థాన్‌లో భంవరీదేవి కోసం కోర్టుకెళ్లిన సంస్థ పేరు. కానీ ఆ పేరు పలికినప్పుడల్లా ఈ ఊళ్లో ఉన్నందుకు నాకు కొంచెం సిగ్గేస్తుంది. ఆ తీర్పు మీద వచ్చిన 2013 చట్టం పనిచోటు అంటే ఏమిటో చెబుతూ క్రీడా సంస్థనీ, స్టేడియంనీ, పోటీలు జరిగే చోటునీ కూడా పేరు పెట్టి చెప్పింది. ఫిర్యాదు చేసేది ఏ వయసు స్త్రీ అయినా కావచ్చు, అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు. పదిమంది ఉద్యోగులు లేని సంఘమైతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. అందుకని మన కార్యకర్తలకి ఒక మాట: పిల్లలతో కూర్చునేటప్పుడు “ఎవరికీ చెప్పను, ఒట్టు” అని మాటివ్వకండి. ఇస్తే ఆ మాటైనా తప్పాలి, చట్టమైనా తప్పాలి. ముందే చెప్పి కూర్చోండి. మామూలు దెబ్బల మాటకొస్తే, 2009 విద్యాహక్కు చట్టం బళ్లో కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధించింది. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షను, పిల్లల బాధ్యత చేతిలో ఉన్న ఎవరు క్రూరంగా ప్రవర్తించినా మూడేళ్ల దాకా జైలు అంటోంది. అంటే లెక్కల మాస్టారు కొడితే తప్పు, బడిగోడ దాటి మైదానంలోకి వస్తే ఒప్పు అని ఏ చట్టమూ చెప్పలేదు. మనం చెప్పుకున్నాం.

కానీ చూడండి, 2013 చట్టం మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయమంటుంది, మహా అయితే మరో మూడు నెలలు పెంచుతుంది. కరెక్షన్ అనుకున్నది కరెక్షన్ కాదని నాకు తెలియడానికి ఎన్నేళ్లు పట్టాలి? జడ సంగతి తెలియడానికే నాకు ఇరవై ఏళ్లు పట్టింది. 2023లో వెతికితే దేశంలో 30 జాతీయ సమాఖ్యల్లో 16 చోట్ల చట్టం చెప్పినట్టు అంతర్గత కమిటీయే లేదని పత్రికలు రాశాయి. 2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం సురక్షిత క్రీడల విధానం ఉండాలనీ, కార్యవర్గంలో కనీసం నలుగురు ఆడవాళ్లుండాలనీ అంటోంది. సంతోషమే. పంచాయతీల్లో సర్పంచ్ భర్తల్ని చూసినవాళ్లం కాబట్టి సంతోషాన్ని కొంచెం దాచిపెట్టుకుందాం. ఢిల్లీలో నలుగురు ఆడవాళ్లు కూర్చుంటే మన జిల్లా మైదానంలో తాడు దానంతటదే కిందికి దిగదు.

ఇప్పుడు నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన అభ్యంతరానికొస్తాను. ఇది కోచ్‌లు అన్నది కాదు. “కొట్టకపోతే పతకాలు రావు” అనేవాళ్లకి జవాబివ్వడానికి నేను కాగితం ఖర్చు చేయను. అన్నేళ్లుగా కొడుతూనే ఉన్నారు కదా, వచ్చిన పతకాల లెక్క వాళ్లే చూసుకోవచ్చు. ఈ మాట అన్నది మన సంఘంలోనే పాతికేళ్లుగా పనిచేస్తున్న ఒక అక్క. “మైదానం ఆ పిల్లలకి ఇంటి నుండి దొరికిన ఒకే ఒక తలుపు. నిక్కరు వేసుకోనిస్తారు, ఊళ్లు తిరగనిస్తారు, పద్దెనిమిదికే పెళ్లి చేయకుండా ఆగుతారు. నువ్వు లైంగిక వేధింపులు అని పైకి అన్న మర్నాడు తండ్రులందరూ పిల్లల్ని ఇంటికి లాక్కుపోతారు. వేధించినవాడు అక్కడే ఉంటాడు, పిల్లలు వంటింట్లో ఉంటారు. అదేనా నువ్వు సాధించేది?”

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా ఆకుకే నష్టమని మన ఇళ్లలో చెప్పే సామెత ఉంది కదా, దానికి పరిష్కారంగా ఈ సమాజం ఎప్పుడూ ఆకునే ఇంట్లో దాచింది, ముల్లుని పీకలేదు. ఇల్లు బందిఖానా కాబట్టే మైదానంలో హింసకి పిల్ల ఒప్పుకుంటోంది. బయట చెబితే ఆట మాన్పిస్తారని పిల్లకి తెలుసు, ఆ సంగతి కోచ్‌కి ఇంకా బాగా తెలుసు. “ఇంట్లో చెప్పు, చూద్దాం!” అని అతను ధైర్యంగా అనగలుగుతున్నాడంటే తండ్రి పెత్తనమే అతనికి కాపలా. ఇంటి పితృస్వామ్యం, మైదానం పితృస్వామ్యం ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డాయి. మనం ఒకదానితో పోరాడి రెండోదాన్ని వదిలేస్తే పిల్ల రెండింటి మధ్య బంతి అవుతుంది.

అందుకని అక్క మాటకి నా జవాబు మౌనం కాదు, పని చేసే తీరు మార్చుకోవడం. ఫిర్యాదు వచ్చిన రోజున మైదానం వదిలిపోవాల్సింది ఎవరు అన్నది ముందే, ఏ ఫిర్యాదూ రాకముందే, తల్లులతో మాట్లాడి తేల్చుకోవాలి. విచారణ జరిగినన్నాళ్లూ పక్కకి తప్పుకోవాల్సింది కోచ్. ప్రాక్టీసు ఆగకూడదు. ఆ పిల్ల సెలక్షన్ మీద అతని సంతకం చెల్లకూడదు, ఇంకొకరు పెట్టాలి. ఈ మూడూ ముందు రాతపూర్వకంగా ఉంటే తప్ప, “ధైర్యంగా చెప్పమ్మా” అని పిల్లకి చెప్పే హక్కు మనకి లేదు. ఫిర్యాదుల పెట్టె ఉందని ఒకచోట నాకు గొప్పగా చూపించారు. తాళంచెవి ఎవరి దగ్గరుందంటే, కోచ్ గారి బల్ల సొరుగులో!

కోచ్‌లందరూ దుర్మార్గులని నేననడం లేదు. పదేళ్లుగా కాంట్రాక్టు మీద బతుకుతూ, పతకం రాకపోతే ఆ కాంట్రాక్టు కూడా పోతుందని భయపడుతూ, సొంత డబ్బుతో పిల్లలకి బూట్లు కొనిపెట్టే వాళ్లని ఈ ఊళ్లోనే చూశాను. గొంతెత్తకుండా నేర్పేవాళ్లున్నారు. వాళ్ల పిల్లలూ గెలుస్తున్నారు. వాళ్లని కూడా మాతో కూర్చోబెట్టుకోవాలి. వాళ్ల పేర్లు పత్రికల్లో రావు, చండశాసనులు కారు కదా.

మన సంగతి. దూబగుంట సారా పోరాటం నుండి వరకట్నం చావుల దాకా, పోలీసు స్టేషన్ల నుండి పనిచోట్ల దాకా మనం వెళ్లని చోటు లేదనుకుంటాం. మైదానానికి వెళ్లలేదు. ఆటంటే మనకి మగవాళ్ల వ్యవహారంగా, కాకపోతే మధ్యతరగతి కాలక్షేపంగా కనపడింది. కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి, భారత మహిళల్లో మొదటి ఒలింపిక్ పతకం తెచ్చినప్పుడు మనం మన శ్రీకాకుళం ఆడపడుచని మురిసిపోయాం, ఆ బరువుల గదుల్లో పిల్లలు ఎలా బతుకుతున్నారని అడగలేదు. 2010లో ఆమే, అమ్మాయిల్ని కోచ్‌లు వేధిస్తున్నారని బహిరంగంగా మాట్లాడింది. అప్పుడైనా మనం కదిలామా?

ఈ మూడు నెలలుగా మేమిద్దరం ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఆ మైదానానికి వెళ్లి గ్యాలరీలో కూర్చుంటున్నాం. మొదటి వారం “ఎవరమ్మా మీరు?” అని అడిగారు. చూడ్డానికొచ్చామన్నాం. మేం కూర్చున్నంతసేపూ తాడు బయటికి రావడం లేదు, మిగతా ఆరు రోజుల సంగతి మాకు తెలియదు. తల్లుల్లో నలుగురు ఇప్పుడు వంతులవారీగా వస్తామంటున్నారు, తెల్లవారుజామున పనికెళ్లే వాళ్లకి అది కుదరడం లేదు. స్థానిక కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, 1098 నంబరు ప్రతి మైదానం గోడ మీదా తెలుగులో, పిల్లలకి అందే ఎత్తులో రాయించమని కలెక్టరు గారికి అర్జీ తయారుచేశాం. సంతకాలు సేకరిస్తున్నాం, క్రీడాకారిణుల సంతకాలు మాత్రం తీసుకోవడం లేదు.

వాతలున్న ఆ పిల్ల కిందటి వారం నా దగ్గరికొచ్చి, “మేడమ్, మీరు రాసేది వచ్చే నెల సెలక్షన్లయ్యాక వస్తుందా, ముందా?” అని అడిగింది. అయ్యాకే వచ్చేలా సంపాదకులతో మాట్లాడాను. ఇతర జిల్లాల మిత్రులు తమ ఊరి మైదానాల్లో పిల్లలు దేన్ని ఏ పేరుతో పిలుస్తున్నారో రాసి పంపండి. పిల్లల పేర్లు, ఊళ్ల పేర్లు రాయొద్దు. వచ్చే సంచికకి ఆ మాటలన్నీ ఒకచోట చేర్చి, మన ప్రశ్నల కాగితాన్ని మళ్లీ మొదటి నుండి రాద్దామనుకుంటున్నాం.